నడుముకీ రేంజ్‌కీ ఒకే పిస్టల్: డ్యూయల్ క్యాలిబర్ మేలా, వేరువేరుగా రెండు కొనడం మేలా?

బెంగళూరులో కొత్తగా తుపాకి లైసెన్స్ చేతికొచ్చిన మనవాళ్లు ఈ మధ్య అందరూ నన్ను ఒకటే అడుగుతున్నారు. "అన్నా, రెండు క్యాలిబర్లు, అంటే రెండు తూటా సైజులు కాల్చే పిస్టల్ ఒకటి తీసుకుంటే రోజూ దగ్గర పెట్టుకోవడానికీ అదే, ఆదివారం షూటింగ్ రేంజ్‌కీ అదే అయిపోతుంది కదా?" అని. ఇది అమెరికా వీడియోలు చూసి పుట్టిన ఆశ. అక్కడ .40 పిస్టల్‌కి బ్యారెల్ ఒక్కటి మార్చి .357 సిగ్ కాలుస్తారు. 1994లో ఆ .357 సిగ్ తూటాని .40 కేసునే (తూటా ఇత్తడి గొట్టాన్నే) మెడ దగ్గర సన్నగా నొక్కి చేశారు కాబట్టి మ్యాగజైన్ కూడా అదే సరిపోతుంది. మనకి 9 ఎంఎం అంటేనే నిషేధిత బోరు, అంటే ఆ సైజు తుపాకి మామూలు లైసెన్స్ మీద రాదు, అందుకని ఆ వీడియోల లెక్కలు ఇక్కడ పనికిరావు.

మనకి కుదిరే జత .22, .32. ఈ రెండూ ఒకే ఫ్రేమ్ మీద కాల్చే పిస్టళ్లు ఉన్నాయి, వాల్తర్ జీఎస్‌పీ, హామర్లీ ఎస్‌పీ20 లాంటివి. వాటి వెనకున్న ఆలోచన కూడా మంచిదే. .22 రౌండ్ చవక, వెనక్కి తన్నడం తక్కువ, కాబట్టి దానితో ఎంతసేపైనా ప్రాక్టీస్ చేసి, అదే గ్రిప్, అదే చేతి అలవాటుతో .32కి మారొచ్చు. 25 మీటర్ల సెంటర్ ఫైర్ (కేసు అడుగున మధ్యలో కొడితే పేలే .32 లాంటి తూటాల) ఈవెంట్ ఆడేవాళ్లకి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదని నేనూ ఒప్పుకుంటాను. 2006 దోహా ఆసియా క్రీడల్లో మన షూటర్ జస్పాల్ రాణా 590 పాయింట్లతో ప్రపంచ రికార్డును సమం చేసింది ఆ ఈవెంట్‌లోనే. మీ లక్ష్యం అదైతే డ్యూయల్ క్యాలిబరే కొనండి.

కానీ అదే పిస్టల్‌ని నడుముకి పెట్టుకుంటామంటే మాత్రం నేను వద్దంటాను, దానికి అసలు కారణం ట్రిగ్గర్. బరువు, సైజు, ధర గురించి అందరూ గంటలు గంటలు మాట్లాడతారు గానీ ట్రిగ్గర్ దగ్గర ఆగి ఆలోచించేవాళ్లు తక్కువ. పోటీ నిబంధనల ప్రకారం ఈ పిస్టళ్ల ట్రిగ్గర్ కనీసం ఒక కిలో బరువు లాగాలి, షూటర్లు దాన్ని ఆ కిలోకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా సెట్ చేసుకుంటారు. రేంజ్‌లో, ముందు సైట్ మీద చూపు నిలిపి, మెల్లగా వేలు నొక్కేటప్పుడు అది ఎంతో హాయిగా ఉంటుంది. అదే ట్రిగ్గర్ చొక్కా కింద, కారు సీట్లో, కంగారులో గుండె దడదడలాడుతున్నప్పుడు చేతిలో ఉంటే వేలు తగలడమే చాలు. డబుల్ యాక్షన్ రివాల్వర్‌కి, అంటే ట్రిగ్గర్ ఒక్క లాగుడుతోనే సుత్తి వెనక్కి వెళ్లి పేలేదానికి, ఆ కిలోకి కొన్ని రెట్లు బలం పెట్టి, పొడుగ్గా లాగాలి. రేంజ్‌లో మనకి చిరాకు తెప్పించేది అదే, నడుము దగ్గర మనల్ని కాపాడేదీ అదే. ఈ రెండు గుణాలూ ఒకే ట్రిగ్గర్‌లో కుదరవు, క్యాలిబర్ మార్చినంత మాత్రాన ఆ చిక్కు తీరదు.

ఇంకోటి, తూటాలు. జీఎస్‌పీ .32 తినేది వాడ్‌కట్టర్, అంటే ముందు భాగం చదునుగా ఉండి కేసులోకే దిగిపోయిన బుల్లెట్. గన్ షాపులో మామూలుగా దొరికే గుండ్రటి ముక్కు .32 రౌండ్ దాని మ్యాగజైన్‌లో పట్టదు. పైగా మన దగ్గర .32 అంటే రెండు రకాలు. రివాల్వర్‌కి .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, మన దేశంలో చేసే అశని లాంటి పిస్టల్‌కి .32 ఏసీపీ. ఒకదాని బదులు ఇంకోటి వాడకూడదు. కొన్ని రివాల్వర్లలో ఏసీపీ దూరిపోతుంది కూడా, అది మరీ ప్రమాదం, ఎందుకంటే దాని ప్రెషర్ ఎక్కువ. షాపులో ".32 ఇవ్వండి" అని ఊరుకోకుండా పూర్తి పేరు చెప్పండి, డబ్బా మీద చదివి తీసుకోండి.

లైసెన్స్ సంగతి కూడా చూసుకోవాలి. 2019లో ఆయుధాల చట్టం సవరించాక మామూలుగా ఒక మనిషికి రెండు తుపాకులే. కన్వర్షన్ కిట్ (క్యాలిబర్ మార్చే విడి బ్యారెల్, సామాను) తీసుకుంటే ఒకటి మిగులుతుందని కొందరి ఆశ, కానీ చట్టం దృష్టిలో ఆయుధం భాగాలు కూడా ఆయుధాలే, విడి బ్యారెల్ దగ్గర పెట్టుకోవడం చిన్న విషయం కాదు. డబ్బు కట్టకముందే అది లైసెన్స్‌లో ఎలా ఎక్కుతుందో కమిషనర్ ఆఫీసులో అడిగి తేల్చుకోండి.

అందుకే నేను రేంజ్‌కి .22 పిస్టల్, దగ్గర పెట్టుకోవడానికి .32 రివాల్వర్ తీసుకున్నాను. రివాల్వర్లలో నిర్భీక్ చిన్నది, తేలిక. 2023లో కాన్పూర్ నుంచి వచ్చిన ప్రబల్ సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది, తూటాలు నింపడానికి పాతవాటిలా మధ్యలో విరిచి తెరవక్కర్లేదు, నాకు అదే ఎక్కువ నచ్చింది. ఒక రౌండ్ పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగితే తర్వాతి గది వస్తుంది, పిస్టల్‌లో అయితే రెండో చేత్తో స్లైడ్ లాగి ఆ రౌండ్ బయటికి తీయాలి. రక్షణకి .22 ఒక్కటే చాలా అంటే, నేను నమ్మను. దాంట్లో నిప్పు రాజేసే ప్రైమర్ మందు కేసు అంచులో ఉంటుంది, సెంటర్ ఫైర్ కంటే మిస్‌ఫైర్లు ఎక్కువ.

అశని బాగానే ఉంటుంది, రివాల్వర్ అసలు చేతికి కుదరనివాళ్లు చూడొచ్చు. రేంజ్ సరదా ఒక్కటే కావాలంటే .177 ఎయిర్ పిస్టల్ చాలు, 20 జౌల్స్ లోపుదైతే లైసెన్సే అక్కర్లేదు.

రోజూ వెంట తీసుకెళ్లడం గురించి కూడా ఉన్నమాట చెప్పాలి. వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసు గేటు దాటనివ్వరు, మెట్రో ఎక్కనివ్వరు, మాల్‌లోకి రానివ్వరు. ఉద్యోగం చేసేవాళ్ల తుపాకి ఎక్కువ రోజులు ఇంట్లో లాకర్‌లోనే ఉంటుంది. నగదు పట్టుకుని తిరిగే వ్యాపారస్తులకీ, వారం వారం హిందూపురం, మదనపల్లె వైపు తోటలకి వెళ్లేవాళ్లకీ వెంట ఉంచుకునే అవసరం నిజంగా ఉంటుంది. మీరు వాళ్లలో ఒకరైతే, మోడల్ ఎంచుకునే ముందే లైసెన్స్‌లో ఏరియా వాలిడిటీ, అంటే అది ఎక్కడివరకు చెల్లుతుందో చూడండి. కర్ణాటక వరకే అని రాసి ఉంటే బాగేపల్లి దాటి ఆంధ్రలోకి వచ్చాక మీ దగ్గర ఏ క్యాలిబర్ ఉన్నా కేసే.