శనివారం రాత్రి ఇంట్లో సినిమా: మాయాబజారా, క్షణ క్షణమా, కంచరపాలెమా?

మా ఇంట్లో సినిమా అంటే మొదటి అరగంట ఏది చూడాలనే గొడవకే పోతుంది, ఒకళ్ళు రిమోట్ పట్టుకుని పోస్టర్లు జరుపుతూ ఉంటారు, ఇంకొకళ్ళు "అది చూసేశాంగా" అంటారు, ఈలోపు పకోడీలు చల్లారిపోతాయి. అందుకే నేను మూడే మూడు పక్కన పెట్టుకున్నా. ఏ యాప్‌లో ఉన్నాయో మాత్రం ముందే వెతుక్కోండి, ఇవాళ ఉన్నది వచ్చే నెల ఉండదు.

నేను చూసేది ఒకటే, మధ్యలో లేచి వెళ్ళొస్తే సినిమా నిలబడుతుందా పోతుందా అని. ఇల్లు థియేటర్ కాదు కదా, కుక్కర్ కూస్తుంది, అత్తయ్య ఫోన్ చేస్తుంది, ఎవరో ఒకరు నిద్రపోతారు.

ఆ లెక్కన 1957 మాయాబజార్‌ని కొట్టేది లేదు. మూడు గంటల పైనే ఉంటుంది నిజమే, కానీ ఏ సీనుకి ఆ సీను ఒక ముద్దలా ఉంటుంది, ఎక్కడ కూర్చున్నా అక్కడి నుంచే రుచి తెలుస్తుంది. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు పెళ్ళిపీటల మీద రేలంగి కాలు తొక్కే చోట చూడండి, పైకి సావిత్రి సిగ్గుపడుతూనే ఉంటుంది, కింద పాదం మాత్రం రాక్షసుడిది. ఎనిమిదేళ్ళ మా మేనకోడలు ఆ ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పించింది, ఇప్పుడు దుప్పటి కావాలన్నా సినిమాలోలాగే "గింబళి" అనే అడుగుతోంది. భారతం కథే అయినా పాండవులు తెర మీద కనపడరన్న సంగతి చెప్తే పెద్దవాళ్ళు కూడా ఒక్క నిమిషం ఆలోచిస్తారు. 2010లో రంగులేసి వదిలారు కానీ నా ఓటు బ్లాక్ అండ్ వైట్‌కే, లాహిరి లాహిరిలో పాటలో కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే చూపించిన వెన్నెల, రంగుల్లో నాకు ఎందుకో దిగలేదు.

క్షణ క్షణం వేరే లెక్క. 1991, రాంగోపాల్ వర్మ, వెంకటేష్, శ్రీదేవి. పిల్లలు పడుకున్నాక నలుగురు ఫ్రెండ్స్ ఉంటే ఇదే పెట్టండి. బ్యాంకు దోపిడీ డబ్బు చుట్టూ పరుగు, అడవిలో శ్రీదేవి ప్రతిదానికీ హడలిపోవడం, మధ్యలో జాము రాతిరి పాట వస్తే అందరూ గొంతు కలిపేస్తారు, పరేశ్ రావల్ విలనే కానీ ఎక్కువ నవ్వించేది ఆయనే. అక్కడక్కడా పాత వాసన కొడుతుంది, పర్లేదు.

కేరాఫ్ కంచరపాలెం (2018) మూడింట్లో నాకు బాగా ఇష్టమైంది, గుంపులో మాత్రం పెట్టొద్దు. విశాఖ కంచరపాలెంలోనే తీశారు, చాలామంది అక్కడివాళ్ళే, డైరెక్టర్ వెంకటేష్ మహాకి మొదటి సినిమా. నాలుగు ప్రేమకథలు కలిసి నడుస్తాయి, చివర్లో కలిసే చోటు తెలియాలంటే చిన్న చిన్నవి పట్టుకోవాలి. బ్రాందీ షాపులో పనిచేసే గడ్డం అనేవాడు, ముసుగులో కళ్ళు మాత్రమే కనపడే అమ్మాయిని ప్రేమిస్తాడు చూడండి, అక్కడ ఎవరైనా "ఉప్పు ఎక్కడుంది" అని అడిగితే ఇంక అయిపోయినట్టే. మొన్న అదే జరిగింది నాకు, ఆఖరి పది నిమిషాల్లో కరెంటు కూడా పోయింది.

ఈ వారం మళ్ళీ ఓటింగ్ పెడితే అమ్మమ్మ, మేనకోడలు ఇద్దరూ ఘటోత్కచుడికే చెయ్యెత్తారు, నేను కంచరపాలెం అంటే "నువ్వు తర్వాత ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుని చూసుకోరా" అంది అమ్మమ్మ.