డక్స్‌ఫర్డా, కెన్లీయా? 1940 నాటి ఫైటర్ ఎయిర్‌ఫీల్డ్ చూడాలంటే ఏది మేలు?

లండన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు, అక్కడే చదువుకుంటున్నవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ నాటి ఎయిర్‌ఫీల్డ్ ఒకటి చూడాలనుంది, చేతిలో ఒక్క రోజే ఉంది. ఎటు వెళ్లమంటారు?" 1940లో జర్మన్ విమాన దాడులను బ్రిటన్ పైలట్లు ఎదుర్కొన్న గగనయుద్ధమే ఈ బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్. ఎక్కువమంది డక్స్‌ఫర్డ్ అనే అనుకుని అడుగుతారు. నేను కెన్లీ వెళ్లమంటాను.

డక్స్‌ఫర్డ్‌కు వంక పెట్టడానికి లేదు. కేంబ్రిడ్జ్‌కు దక్షిణాన, అదే పేరున్న పల్లె పక్కన ఉంటుంది. బ్రిటన్ వాయుసేనలో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాన్ని అందరికంటే ముందు అందుకున్నది ఇక్కడి 19వ స్క్వాడ్రన్ (విమానదళం), 1938 ఆగస్టులో. 1943 నుంచి యుద్ధం ముగిసేదాకా అమెరికా 78వ ఫైటర్ గ్రూప్ ఇక్కడే ఉంది. ఇప్పుడది ఇంపీరియల్ వార్ మ్యూజియం. పాత హ్యాంగర్లు నిలిచే ఉన్నాయి, స్పిట్‌ఫైర్లు నిజంగా ఎగురుతుంటాయి, కాంకార్డ్ లోపలికి ఎక్కి చూడొచ్చు. వెంట పిల్లలుంటే రెండో ఆలోచన లేకుండా ఇక్కడికే వెళ్లండి. టికెట్ ఖరీదే, కానీ రోజంతా చూసినా తరగదు.

అయితే 1940లో డక్స్‌ఫర్డ్ ముందు వరసలో లేదు. పైలట్ డగ్లస్ బేడర్ నడిపిన ‘బిగ్ వింగ్’ అనే పెద్ద దండు ఇక్కడి నుంచే లేచేది. మూడు నుంచి ఐదు స్క్వాడ్రన్లు గాల్లో ఒకచోట చేరి, అప్పుడు కదిలేవి. తీరానికి దూరంగా ఉంది కాబట్టి ఆ వ్యవధి దొరికింది. లండన్‌కు దక్షిణాన, గుట్టల మీదున్న కెన్లీకి అది దొరకలేదు.

నా లెక్కలో అసలు విషయం ఇదే. ఫైటర్ ఎయిర్‌ఫీల్డ్‌లో ప్రతి కట్టడమూ నిమిషాలు మిగల్చడానికే కట్టింది. ఫ్రాన్స్ వైపు నుంచి వస్తున్న విమానాలను రాడార్ పసిగడితే, ఆ కబురు ఫైటర్ దళాల ప్రధాన కేంద్రమైన బెంట్లీ ప్రయరీకి, అక్కణ్ణుంచి ఈ ప్రాంతపు దళాల కేంద్రమైన అక్స్‌బ్రిడ్జ్‌కి, తర్వాత పైలట్లకు ఆదేశాలిచ్చే కెన్లీ ఆపరేషన్స్ రూమ్‌కి ఫోన్ల మీద చేరేది. ఆ తర్వాతే పైలట్ల పరుగు. ఇరవై వేల అడుగులు ఎక్కడానికి హరికేన్ యుద్ధవిమానానికి సుమారు ఎనిమిది తొమ్మిది నిమిషాలు పట్టేది. ఇంతా తెలిసి కెన్లీలో బ్లాస్ట్ పెన్ (బాంబుల నుంచి విమానాలను కాచే చాటు) ముందు నిలబడితే అన్నీ అర్థమవుతాయి. ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరంలా మట్టికట్టలు, రెండు సందుల్లో రెండు విమానాలు, వెనక గోడ చాటున సిబ్బంది తలదాచుకునే షెల్టర్. ఎదురుగానే రన్‌వేకి దారి. ఒక బాంబు పడితే ఒక విమానమే పోవాలి, మిగతావి వెంటనే లేవాలి. 1939లో పోసిన కాంక్రీట్ రన్‌వేలు అలాగే ఉన్నాయి. జెట్ల కోసం పొడిగించడానికి వీల్లేని చోటు కావడం మన అదృష్టం. ఇప్పుడక్కడ ఇంజన్ లేని గ్లైడర్లు దిగుతుంటాయి.

1940 ఆగస్టు 18న తొమ్మిది జర్మన్ డోర్నియర్ బాంబర్లు చెట్ల ఎత్తున వచ్చి కెన్లీ మీద పడ్డాయి. హ్యాంగర్లు చాలావరకు కాలిపోయాయి. ఆపరేషన్స్ రూమ్‌కు రక్షణ లేదని తేలిపోవడంతో, దాన్ని కేటర్‌హామ్‌లో ఒక మాంసం కొట్టులోకి మార్చారు. కెన్లీ కింద ఉన్న ప్రాంతం (సెక్టార్) యుద్ధాన్ని అక్కణ్ణుంచే నడిపించారు.

తెలుగువాళ్లకు కెన్లీ చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ఆ దాడి జరిగిన కొద్ది రోజులకే ఇక్కడికి వచ్చిన 253వ స్క్వాడ్రన్ పేరులో హైదరాబాద్ ఉంది, నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా. ఆ ఖజానా నిండింది మన రైతులు కట్టిన శిస్తుతో కూడా. ఆగస్టు 31 ఒక్కరోజే దాని కమాండర్ హెరాల్డ్ స్టార్ చనిపోయాడు, అతనితోపాటు స్క్వాడ్రన్‌ను నడిపిన టామ్ గ్లీవ్ మంటల్లో ఘోరంగా కాలిపోయి బతికాడు. మరుసటి ఏడాది భారతీయ పైలట్ మహీందర్ సింగ్ పూజీ కూడా కెన్లీ నుంచి హరికేన్ నడిపాడు.

చిచెస్టర్ దగ్గరి టాంగ్‌మియర్ కూడా మంచిదే. చిన్న మ్యూజియం, శ్రద్ధగా పెట్టారు. పల్లె చర్చి ఆవరణలో బ్రిటిష్, జర్మన్ వైమానికుల సమాధులు ఒకేచోట ఉన్నాయి. కాకపోతే ఎయిర్‌ఫీల్డ్‌లో చాలా భాగం గ్రీన్‌హౌస్‌ల కింద పోయింది. డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి 152వ హైదరాబాద్ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు ఎగిరాయి. ఇప్పుడక్కడ ఇళ్లు, కంకర క్వారీలే. అటు వెళ్లే పనుంటే తప్ప ప్రత్యేకంగా వద్దు.

కెన్లీలో టికెట్ లేదు, మ్యూజియమూ లేదు. అక్కడి బోర్డులు కొంత చెబుతాయి, మిగతాది ముందే చదువుకుని వెళ్లాలి. వైట్‌లీఫ్ స్టేషన్‌లో దిగి, సెయింట్ లూక్స్ చర్చిలో వైమానికుల సమాధులు చూసుకుని గుట్ట ఎక్కండి. చుట్టుదారిలో నడవొచ్చు. గ్లైడర్లు దిగుతుంటాయి కాబట్టి రన్‌వే మీదికి మాత్రం వెళ్లొద్దు.