క్యాన్లలో అమ్మే ‘అంతర్వేది సముద్రం నీళ్లు’ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

పాలకొల్లు, నరసాపురం, భీమవరం, అమలాపురం వైపు ఇంట్లో మెరైన్ ట్యాంకు (సముద్రపు చేపల అక్వేరియం) పెట్టుకున్నవాళ్లందరికీ ఇది చెప్పాలి. తెల్ల క్యాన్ మీద ‘నేచురల్ సీ వాటర్’ అని నీలం స్టిక్కరు వేసి, వాట్సాప్‌లో ఆర్డరు తీసుకుని, బస్సు పార్శిల్లో పంపిస్తున్నారు. అంతర్వేది నుంచి పడవ మీద లోపలికి వెళ్లి తోడుకొచ్చిన నీళ్లట. మొన్న ఆగస్టులో నాకు వచ్చిన క్యాన్లలో ఉన్నది మాత్రం సముద్రం నీళ్లు కాదు. ఉప్పు బోరు నీళ్లలో కల్లుప్పు కలిపిన సరుకు. ల్యాబ్ రిపోర్టు చూశాక ఇంకో మాట అనడానికి లేదు.

ఈ మోసం రిఫ్రాక్టోమీటర్‌కి దొరకదు. చుక్క వేసి చూస్తే సరిగ్గా 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్లు ఉప్పు) చూపిస్తుంది. అమ్మేవాడు కూడా అదే వీడియో తీసి పంపిస్తాడు. నీళ్లలో ఉప్పు ఎంత ఉందో ఆ మీటరు చెబుతుంది, ఏ ఉప్పో చెప్పదు.

అసలు ఆగస్టులో 35 రావడమే అనుమానించాల్సిన సంగతి. ఆ రోజుల్లో ధవళేశ్వరం గేట్లెత్తితే గోదావరి పాయ వశిష్ఠ నిండా ఎర్రనీళ్లు. అవన్నీ వచ్చి పడేది అంతర్వేది దగ్గరే. వరద రోజుల్లో అక్కడ ముంచిన నీళ్లకు అంత సెలినిటీ (ఉప్పదనం) ఎక్కడి నుంచి వస్తుంది? వరద తగ్గాక కూడా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉత్తరం నుంచి వచ్చే ప్రవాహం గంగ, మహానది కలిసిన పలచని నీళ్లను మన తీరం వెంట దించుతుంది. ఏడాది పొడుగునా ఒకే రీడింగ్ చూపించే నీళ్లంటే ఎవరో కూర్చుని కలిపినవే.

ట్యాంకులో ఏం జరిగిందంటే, చేపలు బాగానే ఉన్నాయి. క్లౌన్ చేపలు మేత కూడా మానలేదు. అందుకే చాలామందికి తెలియదు. ముందు నత్తలు అద్దం వదిలేసి ఇసుకలో వెల్లకిలా పడ్డాయి. జోయాలు (పువ్వుల్లాంటి పగడపు జీవులు) ముడుచుకుని మళ్లీ తెరుచుకోలేదు. నీళ్లను కదిపే వేవ్‌మేకర్ పంపు విప్పి చూస్తే లోపలి అయస్కాంతం చుట్టూ సున్నం పట్టినట్టు తెల్లటి పెచ్చు. ఫిల్టరులో తెల్ల దూది తుప్పు రంగుకి తిరిగింది. బోరు నీళ్లు పట్టే ఇళ్లలో బకెట్లకు పట్టే మరక చూశారు కదా, అచ్చం అదే.

సీలు తీయని క్యాన్లు రెండు మిగిలితే ఒకటి భీమవరంలో ఆక్వా ల్యాబ్‌కి (చెరువు నీళ్లు పరీక్షించే చోటికి) పట్టుకెళ్లాను. రిపోర్టు ఇస్తూ అక్కడి కుర్రాడు అడిగిన మొదటి మాట, “ఏ ఊరి బోరండి ఇది?” సెలినిటీ 35. ఆల్కలినిటీ (నీళ్లలోని కార్బనేట్ల లెక్క) 430 పీపీఎం, అంటే లీటరుకి అన్ని మిల్లీగ్రాములు. హార్డ్‌నెస్ 2,300, ఇది కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిపి కాల్షియం కార్బనేటు లెక్కలో. నిజమైన సముద్రపు నీరు 35 దగ్గర ఉంటే ఆల్కలినిటీ 120 అటూఇటూగా ఉండాలి, హార్డ్‌నెస్ 6,000 దాటాలి. విడిగా చూస్తే కాల్షియం 400 పైన, మెగ్నీషియం 1,300కి దగ్గరగా ఉండాలి. ఈ లెక్కలు ఫోనులో రాసుకోండి. ఆక్వా ల్యాబ్ లేని ఊరు మన డెల్టాలో తక్కువే, ఒక్క బాటిల్ ఇస్తే చాలు.

కల్లుప్పు కూడా సముద్రానిదే కదా అని అడిగేవాళ్లున్నారు. ఉప్పు మడిలో నీరు ఎండుతున్నప్పుడు కాల్షియంలో ఎక్కువ భాగం ముందే జిప్సంగా అడుగున దిగిపోతుంది. మెగ్నీషియం, పొటాషియం చివర్లో మిగిలే చేదు నీళ్లలో ఉండిపోతాయి, వాటిని బయటికి వదిలేస్తారు. మన చేతికొచ్చేది దాదాపు అంతా సోడియం క్లోరైడే. ఇక ఉప్పు బోర్లలో పొటాషియం ఎలా ఉంటుందో వనామీ రొయ్యల రైతుని అడగండి, చెరువుకి పొటాష్ బస్తాలు ఎందుకు మోస్తున్నాడో చెబుతాడు.

సముద్రపు నీళ్లు అసలు వాడకూడదని నేననడం లేదు. ఎండాకాలంలో, మొగకి (నది సముద్రంలో కలిసే చోటికి) దూరంగా, తేట నీళ్లు దొరికితే భేషుగ్గా పనిచేస్తాయి. ఉప్పాడ వైపు రొయ్య పిల్లల హేచరీల నుంచి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. అక్కడ నీళ్లకి బ్లీచింగ్ కొడతారు కాబట్టి క్లోరిన్ పూర్తిగా పోయిందో లేదో ఓటీఓ చుక్కలు వేసి చూడాలి. పసుపు రంగు తిరిగితే ట్యాంకు దగ్గరికి కూడా తీసుకెళ్లొద్దు. మూత తీయగానే కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా అంతే.

ధర సంగతికొస్తే, ఆర్‌ఓ నీళ్లలో కలుపుకునే అక్వేరియం ఉప్పు, అదే సాల్ట్ మిక్స్, బకెట్టు రేటు చూసి గుండె జారుతుంది నిజమే. కానీ లీటరుకి 35 నుంచి 38 గ్రాములే పడుతుంది. 200 లీటర్ల ట్యాంకులో పది శాతం మార్చాలంటే ముప్పావు కిలో సరిపోతుంది. ఆర్‌ఓ నీళ్ల టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల లెక్క) మాత్రం చూసుకోండి, మినరల్ వాటర్ ప్లాంటు వాళ్ల క్యాన్ అన్నిసార్లూ ఒకేలా ఉండదు.

ఇప్పటికే ఆ నీళ్లు పోసినవాళ్లు కంగారుపడి మొత్తం ఒకేసారి మార్చకండి. సాల్ట్ మిక్స్‌తో కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా మారుస్తూ ఆల్కలినిటీని మెల్లగా దించండి. ఫిల్టరులో కొత్త కార్బన్ వేయండి. చచ్చిన నత్తల్ని వెంటనే తీసేయండి, లేకపోతే అమ్మోనియా ఎగబాకుతుంది.

రిపోర్టు ఫొటో పంపి ఫోన్ చేస్తే అమ్మినాయన సమాధానం, “ఆయ్, సముద్రం నీళ్లేనండి. సముద్రానికి గ్యారంటీ ఎవరిస్తారండి?” డబ్బులు అడిగాక నా నంబరు బ్లాక్ చేశాడు. పేమెంటు స్క్రీన్‌షాట్, పార్శిల్ రసీదు, మిగిలిన సీలు తీయని క్యాన్ పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. మీ దగ్గరా ఇవి ఉంటే మీరూ చేయండి, ఫిర్యాదులు పెరిగితేనే కదులుతుంది.

ఇంకో విషయం. ఈ వారం ఒక స్నేహితుడికి అదే నంబరు నుంచి వేరే పేరుతో మెసేజ్ వచ్చింది. ఈసారి స్టిక్కరు ఆకుపచ్చది, నీళ్లు ఓడలరేవు నుంచి అంటున్నాడు, రీడింగ్ వీడియో మాత్రం నాకు పంపినదే.