ఇద్దరు పిల్లలు, అట్టపెట్టె నిండా పుస్తకాలు: పడుకునే ముందు కథల మీద నా రివ్యూ

ఇది ఏదో ఒక్క పుస్తకం మీద రాస్తున్న సమీక్ష కాదు. మా పెద్దదానికి ఆరేళ్లు నిండాయి, చిన్నోడికి రెండు దాటాయి. ఇన్నాళ్లుగా మా ఇంట్లో రాత్రిపూట చదివిన, చెప్పిన, వినిపించిన కథల సరంజామా మొత్తం మీద రాస్తున్నాను. గుడ్డ పుస్తకాలు, అట్ట పుస్తకాలు, రెండు భాషల బొమ్మల పుస్తకాలు, జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించిన కథలు, బటన్ నొక్కితే అరిచే పుస్తకం, ఫోన్‌లో ఆడియో కథలు, పుస్తకమే లేకుండా నోటితో చెప్పినవి... అన్నీ వాడాం.

పిల్లల పుస్తకం కొనేటప్పుడు అందరూ "పిల్లకి నచ్చుతుందా" అని చూస్తారు. దాని గురించి టెన్షన్ అక్కర్లేదు, పిల్లకి ఏదో ఒకటి నచ్చి తీరుతుంది. నచ్చాక రేపూ అదే కావాలంటుంది, ఎల్లుండీ అదే. చదవాల్సింది మాత్రం మనం. ఆఫీసు నుంచి వచ్చి, తిని, కళ్లు మూతలు పడుతుంటే ఇదే కథని నెల రోజులు వరసగా చదవగలమా అన్నదే అసలు పరీక్ష. నేనైతే ఇప్పుడు షాపులోనే నిలబడి పుస్తకాన్ని వెంటవెంటనే రెండుసార్లు చదువుతాను, పెదాలు కదిలేలా. రెండోసారికే విసుగొస్తే అక్కడే పెట్టేస్తాను. షాపువాళ్లు వింతగా చూస్తారు, చూడనీ.

మొదటి ఏడాదికి పుస్తకాల మీద ఎక్కువ ఖర్చు పెట్టకండి. పుట్టిన కొత్తలో బిడ్డకి ఇరవై, ముప్పై సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనిపిస్తాయి, అవి కూడా నలుపు తెలుపుల్లా బాగా తేడా ఉంటేనే. తెల్ల కాగితం మీద నల్ల స్కెచ్‌పెన్‌తో నేను గీసిన చారలు, గుండ్రాలనే మా పెద్దది కొన్న గుడ్డ పుస్తకం కంటే ఎక్కువ సేపు చూసింది. ఆ వయసులో కథ అర్థం కాదు కదా, చదవడం దేనికి అని మా అమ్మ అడిగేది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే పుట్టినప్పటి నుంచీ చదివి వినిపించమని చెప్పింది. అమ్మకి ఆ మాట చెబితే, "మేం జోలపాట పాడలేదా, అదీ ఇదీ ఒకటే" అంది. అవును, ఆ వయసుకి దాదాపు ఒకటే. గొంతు వినబడితే చాలు. నేను కొన్ని రాత్రులు పేపర్‌లో క్రికెట్ వార్తలు కూడా రాగం తీసి చదివాను, పాప ఏమీ అనలేదు.

ఆరు నెలలు దాటాక అట్ట పుస్తకాలు కావాలి. వీటికి చదివే పరీక్షతో పాటు నమిలే పరీక్ష కూడా ఉంది. మూలలు గుండ్రంగా ఉండాలి. అట్ట పొరలు పొరలుగా విడిపోకూడదు. మాకు బహుమతిగా వచ్చిన ఒక ఖరీదైన పుస్తకం పళ్లొచ్చిన వారంలోనే మూల నాని విచ్చుకుంది, ముక్కలు నోట్లోంచి తీయాల్సి వచ్చింది. లోపల బొమ్మలు కూడా మంచు ఎలుగుబంటి, పెంగ్విన్, ఇగ్లూ. పిల్లకి అవి నచ్చలేదని కాదు. కానీ బాల్కనీలోంచి చూపించడానికి కాకీ, గేదే, ఆటో ఉంటే పొద్దున లేచాక కూడా పుస్తకం పనికొస్తుంది. మన పక్క బొమ్మలున్నవి వెతికి మరీ కొనండి.

రెండు భాషల పుస్తకాల్లో చెన్నై తూలికా వాళ్లవి మా ఇంట్లో బాగా నలిగాయి. 1996లో మొదలైన ప్రచురణ సంస్థ అది. ఒకే పేజీలో ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉంటాయి. నేను తెలుగు చదువుతాను, అమెరికా నుంచి సెలవులకు వచ్చే మా అక్క కొడుకు ఇంగ్లీషు చదువుతాడు, ఇద్దరి మధ్యలో పాప కూర్చుంటుంది. అలా ఒకే పుస్తకం ఇద్దరికీ పనికొచ్చింది.

డబ్బులు పెట్టలేం అనుకునేవాళ్లకి స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ ఉంది. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టారు. తెలుగులో కూడా కథలున్నాయి, ఉచితంగా చదువుకోవచ్చు, దింపుకుని ప్రింట్ తీసుకోవచ్చు. కథలకి నాలుగు స్థాయిలుంటాయి. మొదటి స్థాయి కథల్లో 250 మాటల లోపే, అదీ మళ్లీ మళ్లీ వచ్చే తేలిక మాటలు. మూడేళ్ల లోపు పిల్లలకి రాత్రిపూట ఇంతకంటే అక్కర్లేదు. మా వీధి జిరాక్స్ షాపులో కలర్ పేజీకి పది రూపాయలు తీసుకున్నాడు. స్పైరల్ వద్దు, చిన్న వేళ్లు ఇరుక్కుంటాయి. పక్కన రెండు పిన్నులు కొట్టి పైన టేపు వేస్తే చాలు. చిరిగినా బాధ ఉండదు, ఇంకోటి తీయించుకోవచ్చు. ఫోన్‌లోనే చదివేస్తే పోదా అంటారేమో. మేం చదివి చూశాం. పిల్ల వేలు పేజీ తిప్పదు, ఇంకేదో తెరుస్తుంది. మధ్యలో ఆఫీసు మెసేజ్ వస్తే నా కళ్లు అటే పోతాయి.

తెలుగులో చవగ్గా, మంచి బొమ్మలతో కావాలంటే హైదరాబాద్ తార్నాకలోని "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్లవి చూడండి. డిసెంబర్ పుస్తక ప్రదర్శనలో పిల్లల స్టాళ్ల దగ్గర ఒక సంచి నింపుకుంటే ఏడాది గడుస్తుంది.

అనువాద పుస్తకాలతో మాత్రం ఒక చిక్కుంది, ఏ ఒక్కరి గురించో కాదు, చాలావాటిలో చూశాను. బొమ్మలు అద్భుతంగా ఉంటాయి, వాక్యం మాత్రం ప్రభుత్వ ఉత్తర్వులా ఉంటుంది. ఎలుకపిల్ల వాళ్లమ్మతో "నేను మిక్కిలి ఆకలిగా ఉన్నాను" అంటుంది. ఏ ఎలుకపిల్ల అంటుందండీ అలా? నేను చదివేటప్పుడే "అమ్మా, ఆకలైతాంది" అని మార్చేస్తాను. మా ఆవిడది తెనాలి, తను "ఆకలేస్తందే" అని చదువుతుంది. ఎవరు చదివితే ఎలుక ఆ జిల్లాది అయిపోతుంది. పెద్దదానికి అక్షరాలు వచ్చిన దగ్గర్నుంచి ఈ పప్పులు ఉడకట్లేదు. వేలు పెట్టి చూపించి, "నాన్నా, అక్కడ అట్ల లేదు" అంటుంది.

బటన్ నొక్కితే ఆవు అరిచే పుస్తకం గురించి రెండు ముక్కలు. పడుకునే ముందు పనికిరాదు, లేపడానికి పనికొస్తుంది. అంతకంటే ముఖ్యం, వాటిలో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ పిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేయగలదు. బ్యాటరీ మూతకి స్క్రూ లేకపోతే ఇంట్లోకే రానివ్వకండి.

ఆడియో కథల యాప్ ఒకటి డబ్బు కట్టి వాడాం. కారులో బాగుంది. పడకగదిలో కాదు. ఒక కథ అవగానే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది, పిల్ల నిద్రపోయే సమయానికి జింగిల్ మోగుతుంది. పైగా అందులో చెప్పే ఆవిడకి పాప అడిగిన ప్రశ్న వినబడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో ఏడాది లోపు పిల్లలకి స్క్రీన్ వద్దే వద్దంది, కదలకుండా కూర్చున్న సమయంలో పెద్దవాళ్లు కథలు చదవడం, చెప్పడం మంచిదంది. ఆడియోకి స్క్రీన్ లేదు నిజమే, పెద్దవాళ్లు కూడా లేరు మరి.

ఇక నా మొదటి మార్కు దేనికంటే, ఒక్క రూపాయి ఖర్చు లేని ఏడు చేపల కథకి. రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండకపోవడం, అక్కడి నుంచి గడ్డిమోపు, ఆవు, గొల్లవాడు, అవ్వ, ఏడ్చే పిల్లాడు, చివరికి చీమ. మీ అందరికీ తెలిసిందే. మా అమ్మ చెప్పే దాంట్లో పాలేరు ఉంటాడు, మా అత్తగారి దాంట్లో గొల్లవాడు. పిల్ల రెండూ విని, "ఇద్దరిట్ల ఎవరు మేపలే?" అని అడిగింది.

వందసార్లు చెప్పినా ఈ కథ అరగదు. ప్రతి జవాబూ తప్పుని పక్కవాడి మీదకి నెడుతుంది, అందుకని తర్వాత ఎవరొస్తారో పిల్లకి ముందే తెలుసు. తెలిసినా ఆగదు, తనే చెప్పేస్తుంది. రెండేళ్ల చిన్నోడు "ఎందుకూ?" అన్న ఒక్క మాటతో కథలో పాత్ర దక్కించుకున్నాడు. మనకి విసుగొచ్చినప్పుడు మధ్యలో ఇంకో ముడి వేసుకోవచ్చు. అవ్వ బువ్వ ఎందుకు పెట్టలేదు? కుక్కర్ విజిల్ రాలేదు. ఎందుకు రాలేదు? గ్యాస్ అయిపోయింది. ఇది పెద్దది కలిపిన ముక్క. అలాగే నిద్ర ముంచుకొస్తుంటే రెండు మెట్లు ఎగరగొట్టి నేరుగా చీమ దగ్గరికి పోవచ్చు, కానీ దొరికిపోతారు.

ఒకటే లోపం. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా" అనగానే పిల్లల్ని చటుక్కున గిల్లాలనిపిస్తుంది, వాళ్లు కిలకిలా నవ్వి లేచి కూర్చుంటారు. కాబట్టి ఇది మొదట చెప్పండి. తర్వాత ఏమీ జరగని పుస్తకం ఒకటి చదవండి. అందరూ పడుకున్నారు, ఆవు పడుకుంది, దూడ పడుకుంది, అలాంటిది.

ఇంకో మాట. చదువుతూ పిల్లల్ని ప్రశ్నలు అడగాలి, వాళ్లచేత చెప్పించాలి, దానివల్ల మాటలు బాగా వస్తాయి అని ఎక్కడ చూసినా రాస్తారు. అది నిజమే, పగలు బాగా పనిచేసింది. రాత్రి మాత్రం అడగకండి. "ఏనుగు ఎందుకు ఏడుస్తోంది?" అని నేను అడిగిన పాపానికి ఏనుగు కుటుంబ చరిత్ర మొత్తం విన్నాను.

లైటు సంగతి ఎవరూ చెప్పరు. జీరో బల్బులో ఒత్తులు కనబడవు, ట్యూబ్‌లైట్ కింద పిల్లలు పడుకోరు. మంచం పక్కన పసుపు వెలుగిచ్చే చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టుకోండి. కొనేటప్పుడు అక్షరాల సైజు కూడా చూసుకోండి, ఒత్తులు కలిసిపోయేంత చిన్నగా ఉంటే కథ ఎంత బాగున్నా వద్దు.

ఆరేళ్లొచ్చాక పెద్దది మా నాన్న బైండు చేయించి దాచిన పాత చందమామలకి వచ్చింది. బేతాళ కథ ఎప్పుడూ ఒకేలా మొదలై, ఒకేలా ముగియడం దానికి తెగ నచ్చింది. మొదటి పేరా తనే అప్పజెబుతుంది. చిన్నోడు ఉన్న గదిలో మాత్రం శవం మాట వచ్చినప్పుడు గొంతు తగ్గించాల్సి వస్తోంది.

మొన్న మా బావమరిదికి కూతురు పుట్టింది. "బావా, ఏ పుస్తకాలు కొనమంటావ్?" అని ఫోన్ చేశాడు. ఏడాది వరకు ఏమీ కొనొద్దు, చేపల కథ మీ అమ్మని అడిగి నేర్చుకో, తర్వాత మా అట్టపెట్టె పంపిస్తా అన్నాను. అప్పటికే ఎవరో బటన్ పుస్తకం ఇచ్చేశారట. స్క్రూ ఉందో లేదో చూడమన్నాను.