కర్ణభేరి చిల్లుకు ఏ అతుకు మేలు: ఫేషియానా, కార్టిలేజా?

చీము ఆగి, చెవి ఆరి, కర్ణభేరిలో చిల్లు మాత్రం మిగిలినవాళ్లు ఆపరేషన్‌కు ఒప్పుకున్నాక అడిగే ప్రశ్న ఒకటే: "కణత కండరం మీది పొర (ఫేషియా) వేయించుకోవాలా, కార్టిలేజ్ (మృదులాస్థి) వేయించుకోవాలా?" దాని వెంటే ఒక భయం. కార్టిలేజ్ మందం కదా, వినికిడి తగ్గదా?

మామూలు కర్ణభేరి మందం సుమారు 0.1 మి.మీ. చెవి రంధ్రానికి ముందుండే బుడిపెను ట్రేగస్ అంటారు. అందులోంచి తీసిన కార్టిలేజ్ దాదాపు 1 మి.మీ. ఉంటుంది. 2000లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ జానర్ట్ బృందం కార్టిలేజ్ ముక్కల కంపనాలను లేజర్‌తో కొలిచింది. 0.5 మి.మీ.కు పలచబరిస్తే శబ్దం బాగానే వెళ్తుంది, గట్టిదనమూ నిలుస్తుంది అని తేల్చింది. రెండు అతుకులనూ పోల్చిన అధ్యయనాలను కలిపి చూసినా వినికిడిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అతుకు నిలబడటంలో మాత్రం కార్టిలేజ్‌దే పైచేయి. అందుకని వినికిడి భయంతో కార్టిలేజ్‌ను వద్దనుకోనక్కర్లేదు.

అసలు తేల్చాల్సింది ముక్కు వెనక నుంచి మధ్యచెవికి గాలి అందించే యూస్టేషియన్ గొట్టం సంగతి. అది సరిగ్గా తెరుచుకోకపోతే మధ్యచెవిలో గాలి ఇంకిపోయి, కర్ణభేరి లోపలికి పీక్కుపోతుంది. ఫేషియా మెత్తటి పొర. ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, నెలలు గడిచేకొద్దీ పలచబడుతుంది, ఆ లాగుడుకు లొంగిపోతుంది. కార్టిలేజ్ లొంగదు. పైగా దానికి పోషణ అవసరం తక్కువ, కొత్త రక్తనాళాలు అందేదాకా చుట్టూ ఉన్న ద్రవంతోనే బతుకుతుంది. గొట్టం ఎలా ఉందో అంచనా వేయాలంటే రెండో చెవిని చూడాలి. అక్కడా కర్ణభేరి లోపలికి గుంజుకుపోయినా, వెనక నీరు చేరినా గొట్టం బాగాలేనట్టే. ముక్కు మూసి మెల్లగా గాలి ఊదితే చిల్లులోంచి బుస్సున గాలి వచ్చిందా, అది మంచి గుర్తు.

ఫేషియాకు సుగుణాలు లేవని కాదు. చెవి వెనక కోత పెడితే అందులోంచే కావలసినంత పొర దొరుకుతుంది. కండ, కొవ్వు గీకేసి, పలక మీద పరిచి ఆరబెడితే కాగితంలా అవుతుంది, కత్తిరించడం తేలిక. అతుకు చెడేది ఎక్కువగా ముందువైపు అంచు దగ్గరే. అక్కడ రక్తప్రసారం తక్కువ, చెవిదారి గోడ ఉబ్బుగా ఉండి చూపు ఆనదు. అంచు కింద అతుకును చాలినంత దూరం దూర్చకపోయినా, లోపల అతుకుకు ఆసరాగా ఉంచే, దానంతటదే కరిగిపోయే స్పాంజి (జెల్‌ఫోమ్) తక్కువ పెట్టినా అక్కడే మళ్లీ సందు పడుతుంది. మత్తుకు నైట్రస్ ఆక్సైడ్ వాడుతుంటే అతుకు పెట్టేముందే ఆపించాలి. లేకపోతే ఆ వాయువు మధ్యచెవిలోకి చేరి అతుకును పైకి లేపుతుంది, తర్వాత ఇంకిపోతూ లోపలికి గుంజుతుంది.

కార్టిలేజ్‌కు ట్రేగస్ లోపలివైపు కోత పెడతారు. అంచున 2 మి.మీ. కార్టిలేజ్ వదిలేస్తే బుడిపె ఆకారం చెడదు. సుమారు 15 × 10 మి.మీ. ముక్క వస్తుంది, ఒక కర్ణభేరికి అది సరిపోతుంది. ఒకవైపు పెరికాండ్రియం (కార్టిలేజ్‌ను కప్పి ఉండే పలచటి పొర) ఉంచి, మరోవైపు చెక్కి పలచబరుస్తారు. మరీ పలచగా చెక్కితే ముక్క వంకర తిరుగుతుంది. కర్ణభేరికి అంటుకుని ఉండే చిన్న ఎముక మేలియస్. దాని పిడి కూర్చోవడానికి ఒక గాడి కోస్తారు. ఆ గాడి ఇరుకైతే ముక్క ఒకపక్కకు లేచిపోతుంది. పెరికాండ్రియం చెవిదారివైపు ఉండాలి.

చిల్లు చిన్నదై, మధ్యలో ఉండి, మొదటి ఆపరేషనే అయి, రెండో చెవి బాగుంటే ఫేషియా చాలు. చిల్లు కర్ణభేరిలో సగం దాటినా, ముందు అంచును తాకినా, ఒకసారి అతుకు ఊడినా, పొర గుంజుకుపోయే చెవి అయినా కార్టిలేజే వేయాలి. పిల్లల్లోనూ మొగ్గు అటే. కొవ్వు ముక్క, కాగితం అతుకు బాగా చిన్న చిల్లులకే. సిర అతుకు ఇప్పుడు అరుదు.

కార్టిలేజ్‌తో వచ్చే చిక్కు ఒకటుంది. అది పారదర్శకం కాదు. వెనక నీరు చేరినా, కొలెస్టియటోమా (మధ్యచెవిలో చర్మం పేరుకుని ఎముకను తినేసే గడ్డ) పెరిగినా బయటికి కనపడదు. తర్వాత గ్రోమెట్ (మధ్యచెవికి గాలి అందేలా కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టం) వేయాల్సి వచ్చినా కష్టమే. అందుకే ఆపరేషన్‌లో లోపలి జబ్బు మిగిలిందని అనుమానముంటే వైద్యులు ఎమ్మారై మీద ఆధారపడతారు.

ఏది వేసినా కొన్ని వారాలు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, స్నానానికి వాసలిన్ రాసిన దూది పెట్టుకోవాలి. వినికిడిని కొలిచే ఆడియోగ్రామ్ దాదాపు మూడు నెలలకు తీస్తారు. కార్టిలేజ్ వేసిన చెవిలో టింపనోమెట్రీ (గాలి ఒత్తిడి మారుస్తూ కర్ణభేరి కదలికను చూసే పరీక్ష) గీత ఆరోగ్యంగా ఉన్నా చదునుగా రావచ్చు. దాన్ని చూసి నీరు చేరిందనుకుని మందులు మొదలుపెట్టే అవకాశముంది. అందుకే ఏ అతుకు వేశారో డిశ్చార్జ్ కాగితంలో రాయించుకుని, పరీక్షకు వెళ్లినప్పుడు ముందే చూపించాలి.