కొత్త ఆత్మకథలు, నవలలు: ఏలూరు రోడ్డులో కొనేముందు

గత పదిహేనేళ్ల తెలుగు వచనంలో నవలల కన్నా ఆత్మకథలే బలంగా ఉన్నాయి. ఆత్మకథ రాసేవాళ్లకి తాము చేసిన పని తెలుసు, ఏ ఊళ్లో ఎంత అద్దె కట్టారో తెలుసు, ఎవరు అన్నం పెట్టారో ఎవరు తలుపేసుకున్నారో తెలుసు. నవలల్లో చాలావాటిలో పాత్రకి ఉద్యోగం పేరొక్కటే ఉంటుంది, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ మనిషి చేసేదేమిటో ఉండదు. విజయవాడ ఏలూరు రోడ్డులో విశాలాంధ్ర, ప్రజాశక్తి పుస్తకాల షాపుల అరల ముందు నిలబడి ఏది తీసుకుందామా అని ఆలోచించేవాళ్ల కోసం ఈ అభిప్రాయాలు.

ఒక్కటే కొనగలిగితే కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ‘నిర్జన వారధి’ కొనండి. 2012లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది, అప్పటికి ఆవిడ తొంభై దాటారు. పుట్టింది పామర్రు. బాల వైధవ్యం, పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం, భర్త విడిచి వెళ్లడం, ముప్పై దాటాక మళ్లీ బడి చదువు, కాకినాడలో హాస్టల్ మేట్రన్ ఉద్యోగం, కొడుకునీ కూతుర్నీ పోగొట్టుకోవడం. ఇంత బతుకు చిన్న పుస్తకంలో పట్టింది. కష్టం చెప్పే చోట వాక్యం పొట్టిదైపోతుంది, విశేషణాలు రాలిపోతాయి. ఆవిడ ఎవరి మీదా తీర్పు చెప్పరు, జరిగింది చెప్పి ముందుకు సాగుతారు. తెలుగులో ఇంత నిగ్రహంతో రాసినవాళ్లు కొద్దిమందే.

చరిత్ర తెలియని కుర్రవాళ్లకి మాత్రం ఇందులో దారి తప్పుతుంది. ఆవిడకి కంఠతా వచ్చిన కాలం మనకి రాదు. అందుకని మొదటి ఖాళీ పేజీ మీద పెన్సిల్‌తో నాలుగు గుర్తులు వేసుకోండి: 1946–51 తెలంగాణ సాయుధ పోరాటం, 1953 ఆంధ్ర రాష్ట్రం, 1964 కమ్యూనిస్టు పార్టీ చీలిక, 1980 పీపుల్స్ వార్ (నక్సలైట్ పార్టీ) పుట్టుక. ఏ సంఘటన ఏ రెండింటి మధ్య పడుతుందో చూసుకుంటూ చదివితే ఎక్కడా తికమక ఉండదు.

దీని పక్కనే చదవాల్సింది సుజాత గిడ్ల ఇంగ్లీషులో రాసిన ‘యాంట్స్ అమంగ్ ఎలిఫెంట్స్’ (2017). రెండు పుస్తకాలూ ఒకచోట కలుస్తాయి: కోటేశ్వరమ్మ గారి భర్త కొండపల్లి సీతారామయ్య, గిడ్ల మేనమామ కె.జి. సత్యమూర్తి, ఇద్దరూ పీపుల్స్ వార్ స్థాపకుల్లో వాళ్లే. అదే కృష్ణా జిల్లా, అదే ఉద్యమం. ఒక పుస్తకంలో ఇంట్లోంచి కనిపించే పార్టీ, రెండోదాంట్లో మాలపల్లెలోంచి కనిపించే పార్టీ. గుడివాడ, గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ (ఏసీ) కాలేజీ పేజీలు మన ప్రాంతం వాళ్లు తప్పకుండా చదవాలి. మేనమామనీ తల్లినీ కూర్చోబెట్టి మాట్లాడించి, ఆ మాటల మీద కట్టిన పుస్తకం కాబట్టి చిన్న వివరం కూడా జారిపోలేదు. పరాయి దేశపు పాఠకుల కోసం కులం, పల్లె, ఆచారం విడమరిచి చెప్పిన చోట్ల మనకి నడక మందగిస్తుంది. అవి దాటేసినా నష్టం లేదు.

ఇక మామూలుగా వచ్చే ఆత్మకథల లోపాల సంగతి. వారపత్రికలో శీర్షికగానో ఫేస్‌బుక్‌లోనో విడివిడిగా రాసినవాటిని అలాగే కుట్టేసి పుస్తకం అంటున్నారు. వారం వారం చదివేవాళ్లకి పాత్రని మళ్లీ పరిచయం చెయ్యాలి, పుస్తకంలో ఆ అవసరం లేదు. షాపులోనే మూడు అధ్యాయాలు తెరిచి మొదటి పేరాలు చూడండి. ‘మా పెద్ద మేనత్త, అంటే మా నాన్నగారి అక్క’ అని మూడుచోట్లా ఉంటే ఎడిటర్ చెయ్యి పడలేదన్నమాట. అచ్చు ఖర్చు రచయితే పెట్టుకుంటున్నప్పుడు మొదట కోత పడేది ఎడిటింగ్‌కే. వెనకపేజీల్లో వంశవృక్షం, ఊళ్ల పేర్లు, ఫొటోల కింద సంవత్సరాలు ఉన్నాయా అన్నది రెండో పరీక్ష. అవి ఉన్న పుస్తకం మీద ఎవరో ఒకరు కూర్చుని పనిచేశారని నమ్మవచ్చు.

అచ్చుతప్పులన్నీ టైపు చేసేటప్పుడు పడేవి కావు. అను అనే పాత తెలుగు ఫాంట్లలో ఉన్న ఫైలుని, ఇప్పుడు అన్నిచోట్లా వాడే అక్షర పద్ధతి అయిన యూనికోడ్‌లోకి మార్చినప్పుడు కొన్ని పుడుతున్నాయి. ‘కాలేజ్‌కి’ అని ఉండాల్సింది ‘కాలేజ్కి’ అయి, క కాస్తా జ కింద వత్తుగా దూరుతుంది. వత్తులు పక్క అక్షరానికి పోతాయి. ఒక పేజీలో ఇలాంటివి నాలుగైదు కనిపిస్తే పుస్తకమంతా అంతే, మార్చాక ఎవరూ చదవలేదు. తొంభై ఏళ్ల మనిషి చేతివణుకుతో రాసిన మాటలకి ఆ గతి పట్టకూడదు.

నవలల్లో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ నాకు ఎక్కువ నచ్చింది. అమెరికాలోని తెలుగు సంఘం తానా 2019లో పెట్టిన నవలల పోటీ బహుమతి దీనిదే. కరువులో గొర్రెల మందల్ని నల్లమలలోకి తోలుకెళ్లడం కథ. అక్కడ నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, పులి వాసన తగిలిన మంద ఎలా కదులుతుంది, రాత్రి కాపలా ఎలా కాస్తారు, అంతా పనిలోంచే తెలుస్తుంది. కడప మాండలికం కృష్ణా, గుంటూరు పాఠకులకి మొదట కాస్త అడ్డుపడుతుంది. సంభాషణలు పైకి చదవండి, నలభై పేజీల్లో చెవి సర్దుకుంటుంది. మందతో వెళ్లిన కుర్రాడికి అడవి ఏం నేర్పిందో మనకి అర్థమయ్యాక కూడా మళ్లీ చెప్పే పేరాలు కొన్ని ఉన్నాయి. అవి తీసేసి ఉంటే నవల ఇంకా బిగిసేది.

మధురాంతకం నరేంద్ర ‘మనోధర్మపరాగం’ 2022 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. దేవదాసీల జీవితం, కర్ణాటక సంగీతం దీని ముడిసరుకు. రాగాలాపన ఎప్పుడూ వినని వాళ్లు ముందు ఒక కచేరీ విని మొదలుపెట్టడం మంచిది. టి. పతంజలి శాస్త్రి ‘రామేశ్వరం కాకులు’ కథల సంపుటి, రోజుకొక కథ చాలు.

పోటీల గడువుకి రాసిన నవలల్లో ఒక జబ్బు తరచూ కనిపిస్తుంది. మొదటి వంద పేజీల్లో ఆరు నెలలు గడిస్తే, ఆఖరి ముప్పై పేజీల్లో ఇరవై ఏళ్లు పరుగెడతాయి. చివరి రెండు అధ్యాయాల మొదళ్లలో ‘కాలం గడిచింది’ లాంటి మాటలుంటే అరలో పెట్టేయండి.

కొనేటప్పుడు పేజీలు తిప్పి చూడాల్సిందే. పుస్తకం సాధారణంగా పదహారు పేజీల ఫారాలుగా (మడిచిన కాగితాల కట్టలుగా) కుదురుతుంది కాబట్టి 16, 32, 48 దగ్గర అంకెలు సరిపోయాయా చూడండి. ఫారం ఎగిరిపోవడం, ఒకే ఫారం రెండుసార్లు పడటం అక్కడే బయటపడుతుంది. జిగురు బైండింగైతే మధ్యలో ఒకసారి పూర్తిగా తెరవండి, పటపటలాడితే రెండో చదువుకి పేజీలు ఊడతాయి. బిల్లు దాచుకోండి, లోపం ఉన్న ప్రతిని మార్చుకోవడానికి అదే ఆధారం. జనవరి పుస్తక మహోత్సవంలో పది శాతం తగ్గింపు దొరుకుతుంది గానీ, సాయంత్రం రద్దీలో ఈ పరీక్షలేవీ కుదరవు. మధ్యాహ్నం వెళ్లండి. గుంటూరు నుంచి ఒక్క పుస్తకం కోసం వచ్చేవాళ్లు ముందు షాపుకి ఫోన్ చేసి ప్రతి ఉందో లేదో కనుక్కోవాలి, అచ్చువేసేదే ఐదొందలో వెయ్యో. అయిపోయినవాటికి లెనిన్ సెంటర్ పాతపుస్తకాల వాళ్లని అడగండి. రెండో ముద్రణ దొరికితే దానికే మొగ్గండి, మొదటిదాంట్లో తప్పులు దిద్దారేమో వెనక అట్ట చూస్తే తెలియదు, ముద్రణ వివరాల పేజీ, కొత్త ముందుమాట రెండూ చదవాలి.