సింగిల్ స్పీడా, 7 గేర్లా, 21 గేర్లా: ఏది మేలు?

సైకిలు కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది ‘ఎన్ని గేర్లది తీసుకోమంటారు?’ అని. అడగాల్సింది మాత్రం పళ్ల లెక్క. పెడల్ దగ్గరి చైన్‌వీల్‌కు ఎన్ని పళ్లు, వెనక ఫ్రీవీల్‌కు ఎన్ని పళ్లు అన్నదే అసలు సంగతి.

44 పళ్ల చైన్‌వీల్, 18 పళ్ల ఫ్రీవీల్ ఉన్న 28 అంగుళాల మామూలు సింగిల్ స్పీడ్ (ఒకే గేరు) సైకిలునే చూడండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 2.44 చుట్లు తిరుగుతుంది, బండి సుమారు 5.4 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 19 కిలోమీటర్ల పైమాటే. తెనాలి, భీమవరం లాంటి చదునైన ఊళ్లలో ఇంతకన్నా అక్కర్లేదు. చైనుకు నూనె, చక్రాలకు గాలి చూసుకుంటే చాలు. దీని లోపం బయటపడేది ఎత్తు ఎక్కేటప్పుడు. వేగం సగానికి పడితే కాలు కూడా నిమిషానికి 30 చుట్లకు దిగుతుంది, ప్రతి తొక్కుకూ బరువంతా మోకాలి మీదే పడుతుంది.

ఇక 21 గేర్లు. ముందు 42, 34, 24 పళ్ల చైన్‌వీళ్లు మూడు, వెనక ఫ్రీవీల్‌కు 14 నుంచి 28 పళ్ల దాకా ఏడు పళ్లచక్రాలు అనుకుందాం. 42ను 28తో భాగించినా, 24ను 16తో భాగించినా వచ్చేది 1.5, అంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం ఒకటిన్నర చుట్లు. 34కు 20 పెడితే 1.70, 24కు 14 పెడితే 1.71. ఇలా దాదాపు సమానమైనవి కలిపేస్తే మిగిలేవి 14 గేర్లే. వాటిలోనూ పెద్ద చైన్‌వీల్‌తో వెనక పెద్దది, చిన్న చైన్‌వీల్‌తో వెనక చిన్నది కలపకూడదు. చైను ఏటవాలుగా లాగబడి త్వరగా అరుగుతుంది, ముందు డిరైలర్‌కు (చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) రాసుకుని గరగరమంటుంది. ఆ ముందు డిరైలరే ఈ బండ్లలో సగం తలనొప్పి.

అందుకే నా మొగ్గు ముందు ఒకే చైన్‌వీల్, వెనక 7 గేర్లు ఉన్న బండి వైపు. అయితే ఒక షరతు: ఫ్రీవీల్‌లో అన్నిటికన్నా పెద్దదానికి 34 పళ్లుండాలి. 38 పళ్ల చైన్‌వీల్‌తో అది 1.12 ఇస్తుంది; ఈ అంకె ఎంత తగ్గితే ఎత్తు ఎక్కడం అంత తేలిక. అదే 28 పళ్లదైతే 1.36 దగ్గరే ఆగిపోతుంది. హైదరాబాదులో బంజారాహిల్స్ ఎత్తుల మీద ఈ తేడా ఏమిటో కాళ్లే చెబుతాయి. 14-34 ఫ్రీవీళ్లు చాలావాటిలో 24 నుంచి ఒక్కసారిగా 34కు దూకుడు ఉంటుంది, మారగానే కాలు గిర్రున తిరుగుతుంది. దాన్ని ఎత్తులకే వాడేదిగా లెక్కేసుకోవాలి. ఉన్న బండికి తర్వాత 34ది వేయిద్దామనుకుంటే, డిరైలర్ అంత పెద్దదాన్ని మోయగలదో లేదో ముందే చూపించుకోండి. చైను కూడా పొడుగు చేయాల్సి రావచ్చు.

గేర్ల బండికి రెండు జాగ్రత్తలు తప్పవు. కొత్తలో కొన్ని వారాలకు గేర్ వైరు కాస్త సాగుతుంది. పెద్ద పళ్లచక్రానికి ఎక్కడానికి చైను మొరాయిస్తే, వైరు డిరైలర్‌లోకి దూరే చోటున్న చిన్న బిరడాను ఎడమకు పావు చుట్టు తిప్పండి, చిన్నదానికి దిగడానికి మొరాయిస్తే కుడికి. రెండోది, బండి కుడివైపు పడితే డిరైలర్‌ను పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది. చూసుకోకుండా అన్నిటికన్నా తేలిక గేరు వేస్తే డిరైలర్ స్పోకుల్లో ఇరుక్కుంటుంది, చక్రంతో సహా పోతుంది. పడిన బండిని వెనక నుంచి చూడండి: డిరైలర్‌లోని రెండు చిన్న పళ్లచక్రాలూ, పైన ఫ్రీవీల్ పళ్లూ నిట్టనిలువుగా ఒకే గీతలో ఉండాలి.

వెనక చక్రం నడిమి భాగమైన హబ్ లోపలే మూడు గేర్లుండే రకం ఒకటుంది. వాన, బురద దాన్ని ఏమీ చేయవు గానీ, మన వీధి షాపుల్లో దాన్ని విప్పగలిగేవాళ్లు అరుదు.

21 గేర్లది నిజంగా కావలసింది సామాను కట్టుకుని ఘాట్ రోడ్లు ఎక్కేవాళ్లకే. 24 మీద 28 పెడితే 0.86 వస్తుంది, అంత తేలిక గేరు నేను చెప్పిన 7 గేర్ల బండిలో దొరకదు.